సితార నాలిక

ఏ దేవుడో చెప్పను.
చెప్తే మీలో సగం మందికి సంబరం,
సగం మందికి నా మీద కోపం.
తండ్రి పేరు యాకూబ్. దాంతోటి కూడ మీకేం తెలవదు.
అన్నారం దర్గాల మొక్కి కన్నోళ్ళు
మా దిక్కు ఏ ఇంట్లనైనా పెట్టుకునే పేరది.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోస్తడు.
అతని అంగీ దగ్గరికొస్తే తుమ్ములొస్తయి.
బిడ్డను సైకిల్ మీద బడికి దించి
ఒక కాలు నేలకానించి
గేటు దాటేదాక చూస్తడు.
అతనికి ప్రేమ లేదని ఎవరన్న అంటే
ఈ కవిత ఇక్కడే ఆపేస్త.

సితారకు మూర్ఛ.
నాలుగో తరగతి, కిటికీ పక్క బెంచి.
ఎంజీఎం దవాఖానల రాసిచ్చిన గోలీలు
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
ఏడు నెలలు పిల్ల పడలే.
పడలేదు గనకనే నయమైందని
యాకూబ్ మొక్కు చెల్లించవోయిండు.
అక్కడ ఒకాయన అన్నడట:
గోలీ మింగితే నమ్మకం లేనట్టే.

గుడ్డు పెట్టే రోజు
ప్లేటు ముందే పడ్డది.
పండ్ల నడుమ నాలిక.
తెల్లటి గుడ్డు మీద ఎర్రటి చుక్కలు.
మిగిలిన పిల్లలు గోడకు అతుక్కొని
ఎక్కం అప్పజెప్పినట్టు
టీచర్, టీచర్, టీచర్.

పాత చీటీ చూపించి గోలీలు కొన్న.
సొరుగుల, సుద్దముక్కల డబ్బాల దాచిన.
దొంగతనంగ ఇచ్చిన, పదకొండు రోజులు.
రాత్రి గోలీకి నా చెయ్యి అందదు.
ఇది తప్పు కాదా అని నన్ను నేను అడిగినప్పుడల్ల
అడిగినంత సేపు ఆగి
మళ్ళ ఇచ్చిన.

పన్నెండో రోజు యాకూబ్ వరండాల,
చెప్పులిడిచి.
"నా నమ్మకం నా ఇష్టం కాదా టీచర్?
రాజ్యాంగంల రాసున్నదని మీరే చెప్పిన్రట."
చెప్పిన. నిజమే. జనవరి ఇరవై ఆరున, మైకుల.

నలభై రోజులు ఉత్తకాళ్ళ ఎండల నడిచినవు,
నీ అరికాళ్ళు నీవి, ఒక్క మాటన్ననా?
నీ షుగర్ గోలీలు మానేసినవు,
బతిమాలిన గని చెయ్యి పట్టుకోలే.
నీ కూలి, నీ జుట్టు, నీ నిద్ర, నీ ఆకలి
ఇచ్చుకో నీ దేవునికి.
ఎవడన్న అడ్డమొస్తే నేనే నీ ముందు నిలబడ్త.
గని ఆ నాలిక నీది కాదు.
నీ ఇంట్ల ఉంటది, నీ అన్నం తింటది,
నాయినా అని నిన్నే పిలుస్తది,
అయినా నీది కాదు యాకూబ్.
మొక్కింది నువ్వు. తెగింది దానికి.

అతను గోడ మీది జిల్లా పటం దిక్కు
శానసేపు చూసిండు,
అండ్ల తన ఊరు వెతుకుతున్నట్టు.

పొద్దుమీకి వేరేటోళ్ళొచ్చిన్రు,
బండ్లు బందు చెయ్యకుండనే.
"వాడు ఎవరోడు మేడం? పేరొక్కటి చెప్పున్రి.
ఇరవై మందిమున్నం."
ఒకని ఫోను అప్పటికే నా మొఖం మీద.
పిల్లకెట్లున్నది అని ఒక్కడడగలే.
గేటేసిన. తాళం పడేదాక చేతులు వణికినయి.
గీత గీయాల్సింది గోలీ దగ్గర,
వాళ్ళ ప్రార్థన గడప మీద కాదు.
గీసేది డాక్టరు చీటీ, చట్టం, మొహరు పడ్డ కాయితం,
పెట్రోలు వాసనొచ్చే చేతులు కాదు.

ఆఫీసుకు నేనే రాసిన.
పిల్లల రక్షణ వాళ్ళ నుంచి ఒకామె వచ్చి
పొద్దుగూకేదాక యాకూబింట్ల కూసున్నది.
ఏం మాట్లాడిందో నాకు తెలవదు.

సోమవారం సితార పెన్సిల్ డబ్బాల గోలీ,
చిన్న కాయితంల చుట్టి.
కాయితం మీద దేవుని ముందు పెట్టిన గుర్తు.
కుంకుమనా, అత్తరా, నూనె మరకనా,
అడగకున్రి.
మొక్కిన గోలీ అయినా గోలీయే.
నేను నవ్వలే. గెలిచిననని కూడ అనిపియ్యలే.
వచ్చే నెల కొంటడో కొనడో.
సుద్దముక్కల డబ్బాల ఒక స్ట్రిప్పు అట్లనే ఉంచిన.

పద్దెనిమిదేండ్లు నిండినంక
తండ్రి దేవుని గడప తొక్కుతదో తొక్కదో,
గోలీలే తీసి బయట పారేస్తదో,
అది దాని ఇష్టం.
అప్పటిదాక,
"వస్త" అనడానికైనా
"రాను" అనడానికైనా
ఆ నాలిక నోట్లె ఉండాలె గద.