ముప్పై అయిదో వంతు

పగలు గేట్లూ కిటికీ ఊచలూ.
రాత్రి షట్టరు సగం దించి
ఈ బండి కడతాను, అరచేతి పొడుగు.
క్యాబిన్‌కి పెయింటు డబ్బా రేకు,
చక్రాలకు హవాయి చెప్పు మడమ,
గొట్టానికి
అమ్మకెక్కించిన సెలైన్ సూది.

అక్కడి ముప్పై అయిదడుగులు
సోంపేటలో ఒక్కడుగు.

అసలుదాన్ని ఎడారిలో చూశాను.
చూడ్డమేటి, నేనే అతికాను.
పైపులైను పనని తీసుకెళ్లిన ఏజెంటు
రెండో నెల నుంచి ఫోనెత్తలేదు.
మూడో నెల ఎవరో కుర్రాళ్లు
ఉల్లిపాయల పికప్పు తెచ్చి నిలబెట్టి
వెనక తొట్టిలో ముక్కాలి పీట చూపించారు.
ఇంకా తొక్కలు ఎగురుతున్నాయి.
ఇక్కడ, గట్టిగా, అని సైగ.

గట్టిగానే అతికాను.
బుడగ లేదు, పగులు లేదు,
ఏ ఇన్‌స్పెక్టరూ వంక పెట్టలేడు.
భుజం తట్టి రొట్టె పెట్టారు.
తిన్నాను.

అక్క కొడుకు కూర్మారావు
బల్ల అంచున గడ్డం ఆనించి అడుగుతాడు:
"మావా, ఇది ఎవుల్ని కాలుస్తాది?"
"బొమ్మరా ఇది."
"ఇది కాదు. అసల్ది."

టంకం చల్లారాలి, ఊదుతాను.

తుప్పు రంగు కోసం
ఉప్పూ వెనిగరూ కలిపి ఉంచాను గానీ
అక్కర్లేకపోయింది.
బారువ నుంచి వచ్చే గాలి
వారంలో ఆ పని కానిచ్చేసింది.
తలుపులు, తొట్టి, బానెట్టు, అన్నీ ఎర్రబడ్డాయి,
పీట కింద ఆ ఒక్క అతుకు తప్ప.

వాడు దాన్ని గోరుతో గీకి చూసి
"బలే గట్టిగున్నాది మావా" అన్నాడు.