అరగంట

కాళ్ళ దాటాక, ఉప్పుటేరుకి ఇవతల
మూడో రొయ్యల చెరువు గట్టు మీద
నేను ప్రోగ్రాం రాసిన పెట్టె ఒకటి
కర్రకి వేలాడుతూ ఉంటుంది, పాలిథిన్ సంచి తొడుక్కుని.

రాత్రి ముదిరేకొద్దీ నీళ్ళలో ఊపిరి తగ్గుతుంది.
రెండు కాగానే ఏరియేటర్లు తిప్పాలి.
అంతే దాని ఉద్యోగం.

మొదటి వారం అది టవర్ని అడిగింది: నేనెక్కడున్నాను?
టవర్ పలకలేదు.
పలక్కపోతే సున్నా అనుకోమని
రాసింది నేనే, భీమవరంలో, ఏసీ గదిలో, టీ చల్లారిపోతుంటే.
సున్నా అంటే గ్రీనిచ్.
అక్కడ రెండయ్యేసరికి ఇక్కడ ఏడున్నర.
ఎండెక్కి, కొంగలు దిగి, తినాల్సింది తిని లేచాక
తెడ్లు తిరిగాయి.

కాపలా కొల్లాటి పెద్దిరాజు
ఆ రాత్రులన్నీ స్విచ్చి చేత్తోనే వేశాడట.
ఫోను చెయ్యలేదేం అంటే
"మీరు పడుకునుంటారనండి."

సరిచేశాను. అయిదున్నర కలపమన్నాను.
ఆ గడిలో పట్టేది పూర్ణాంకం ఒక్కటే.
అయిదు నిలిచింది.
అర
జారి, చప్పుడు లేకుండా ఎక్కడో పడింది.

నెల్లాళ్ళు నాకు తెలీలేదు.
లాగ్ నిండా రెండింటికి ఆన్, రెండింటికి ఆన్,
వరస తప్పని చక్కటి అబద్ధం.

"రెండైందని దీనికెవరు చెప్పేరండీ?
ఈ కార్తీకంలో గొల్లకావిడి
ఆ తాడిచెట్టు నెత్తిమీదకొత్తే రెండు.
అదొచ్చేక నేనో బీడీ కాల్చి, ఇంకోటి కాల్చి,
దగ్గి, గట్టు చుట్టొచ్చేదాకా
మీ తెడ్లు కదలవు.
ఈలోపు ఇయ్యన్నీ మీసాలెత్తుకుని పైకొచ్చేత్తన్నాయి."

టార్చి కిందికి దించాడు.
వేల కళ్ళు, ఎర్రగా,
అంచు పొడుగునా.
నా ఫోన్లో రెండూ ఏడు.
పెట్టెలో ఒకటీ ముప్ఫయ్యేడు.
మధ్యలో ఆ నీళ్ళు.

పెద్దిరాజు అప్పటికే స్విచ్చి దగ్గరికి నడుస్తున్నాడు.

గడి మార్చాను. ఇప్పుడు అర కూడా పడుతుంది.
కానీ అమ్మినవి నలభై రెండు పెట్టెలు.
ముప్ఫయ్యొకటి దొరికాయి.
మిగతావి చేతులు మారాయి,
మొగల్తూరు వైపని ఒకరు, నరసాపురం అవతలని ఒకరు.

ఈ రాత్రి కూడా అక్కడెవరో
పెట్టె మీద నమ్మకం లేక, కారణం తెలీక,
రెండింటికి లేచి
చీకట్లో స్విచ్చి తడుముకుంటూ ఉంటారు.