ఏ కప్పు మీద

ఇరవై ఆరేళ్ళుగా ఈ వేళ్ళు
ఎవరెవరి ఇళ్ళనో రెండుగా టైపు చేస్తున్నాయి.

ఆవేళ శ్రీకాకుళం కోర్టు వరండాలో
అటు కుర్చీలో హైమావతి, ఆసుపత్రి నర్సు,
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.
ఇటు ఢిల్లేశ్వరరావు, పలాస జీడి బట్టీలో మేస్త్రీ,
పిక్కల చమురుకి కమిలిన వేళ్ళు.
మధ్యలో ఖాళీ కుర్చీ మీద
పిల్ల వాటర్ బాటిల్.

లహరికని లోపలి గదికి పిలిచారు.
జడ్జిగారు నల్లకోటు విప్పి వంకీకి తగిలించారు,
బిస్కెట్ ప్యాకెట్ చించారు.
ఎవరి దగ్గరుంటావని అడగలేదు.
మంచివారు, చుట్టూ తిరిగి అడిగారు:
రాత్రి లైటు ఎవరార్పుతారు,
జ్వరమొస్తే ఎవరు లేస్తారు.
"ఒకోపాలి అమ్మ, ఒకోపాలి నాన్న."
నా పెన్సిల్ గాల్లోనే ఉంది.

అప్పుడు ఆ పిల్లే అడిగింది,
కింది పన్ను నాలుకతో ఊపుతూ:
"ఇది ఊడిపోతే ఏటి సెయ్యాలండి?
పేడలో సుట్టి ఇంటిమీద ఇసరమంది మామ్మ.
ఏ ఇంటిమీద?
అమ్మోళ్ళది మేడ, పైన ఓనరుగారున్నారు.
నాన్నోళ్ళది రేకులు, దొర్లి పడిపోద్ది."

జడ్జిగారు కళ్ళజోడు తుడిచారు.
చాలాసేపు తుడిచారు.

సాయంత్రం ఆయన చెప్పారు, నేను కొట్టాను:
బిడ్డ శ్రేయస్సే పరమావధి కనుక
తల్లి వద్ద నివాసం.
రెండో, నాలుగో శనివారం ఉదయం పదింటికి
నరసన్నపేట బస్టాండులో విచారణ కౌంటర్ ఎదుట
తండ్రికి అప్పగింత; ఆదివారం ఐదింటికి తిరిగి అక్కడే.
దసరా సెలవులు సగం సగం,
బేసి వస్తే మిగిలిన రోజు తల్లిది.
బుధవారం ఏడు నుంచి ఏడుంబావు దాకా వీడియో కాల్.
బడి మారిస్తే ఇద్దరి సంతకం.
పధ్నాలుగు పేరాలు.
పదిహేను అని అంకె కొట్టి ఆగాను.
ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.
చెరిపేశాను.

మా ఊరు నరసన్నపేటే.
నాలుగో శనివారం కూరల సంచీ పట్టుకుని
నాకేం పనో, ఆ కౌంటర్ దగ్గరే నిలబడ్డాను.
హైమావతి జడ విప్పి మళ్ళీ అల్లింది.
దువ్వెన ఎక్కడుందని అడిగాడతను.
పక్క జేబులో, అంది.
అఫిడవిట్లలో ఎక్కడా లేనంత మెత్తగా.

పిల్ల నన్ను గుర్తుపట్టి నవ్వింది. కింద సందు.
"ఎక్కడేశావే?" అన్నాను.
బ్యాగులోంచి పెన్సిల్ డబ్బా తీసి
నా చెవి దగ్గర ఆడించింది.
రబ్బరుకీ మెండరుకీ మధ్య
ఏదో చిన్నది టిక్కుమంది.
"ఇంకా ఏయలేదు."

పలాస బస్సు హారన్ కొట్టింది.
"బేగి రాయే" అన్నాడు తండ్రి.
రెండు మెట్లు ఒక్కసారే ఎక్కేసింది.