ఉన్నిచాప

ఉల్యాస్తాయ్ ఆసుపత్రి వరండాలో హీటరు పనిచేయదు.
డాక్టర్ నర్మందాఖ్ ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించింది.
తమ్ముడి తలలో తెల్లగా ఒక మరక,
బొగ్గు మీద ఒలికిన పాలలా.

"నెత్తురు" అంది.
నెత్తురు తెల్లగా కనబడే చోటొకటి ఉందని
అప్పటిదాకా నాకు తెలీదు.

ఆ పొద్దున చోయిదోగ్ నిచ్చెనెక్కి
పొయ్యిగొట్టంలో మసి దులుపుతున్నాడు.
"తల" అన్నాడు. దిగాడు. బుద్ధిగా కూర్చున్నాడు.
మళ్ళీ లేవలేదు.
టీలో ఉప్పు తగ్గించరా అని ఎన్నేళ్ళు పోరాను!
ఉప్పులేని టీ గుర్రాలక్కూడా వద్దు, అనేవాడు.

మూడో రోజు, కారడం ఆగిందన్నారు.
ఊపిరి పీల్చుకున్నాను.
ఆ రాత్రే, పిలిస్తే కళ్ళు తెరవడం మానేశాడు.

డాక్టరు మందుచీటీ వెనక గీసి చూపించింది:
రక్తనాళం, దాని గోడ,
గోడలో భుజం భుజం రాసుకుని నిలబడ్డ కణాలు.
మెదడులోకి ఏది పోవచ్చో, ఏది పోకూడదో
అవే చూసుకుంటాయట.

నాకు నాళాలు తెలీవు. ఉన్నిచాప తెలుసు.
నలభై శరత్తులు ఉన్ని పరిచి, తడిపి, చుట్టి,
గుర్రం వెనక కట్టి ఈడ్పించాను,
పోగును పోగు కరుచుకునేదాకా.
వాన లోపలికి రాదు. మనుషుల ఆవిరి బయటికి పోతుంది.
దాంట్లో కుట్టు లేదు. పట్టు ఉంది.

"ఆ పట్టే" అంది డాక్టరు.
"ఒలికిన నెత్తురు ఊరికే పడుండదమ్మా.
ఎర్రకణాలు చితుకుతాయి, వాటిలో ఇనుము బయటపడి కొరుకుతుంది.
తెగని నాళాలు కూడా పట్టు వదులుతాయి.
నీరు ఊరుతుంది. మెదడు ఉబ్బుతుంది.
పుర్రె మాత్రం సాగదు."

కంచే చేను మేసిందందామా?
కంచె ఏం చేసింది పాపం.
చేనుకు పారిన నీళ్ళే గట్టు తెగి
కంచెను నానబెట్టి కూల్చాయి.
యాభై రెండేళ్ళు వాణ్ణి సాకిన నెత్తురే.
దాన్ని తిట్టడానికి నోరు రాలేదు.

వరండాలో ఎలుక కొట్టిన చాపముక్క మీద పడుకున్నాను.
చిల్లును వేలితో తడుముతూ,
మాసిక వెయ్యొచ్చు, అనుకున్నాను,
రంగు కలవదు, అంతే.

మంచు కరిగాక ఇంటికి తెచ్చాం.
కుడిచెయ్యి ఇంకా నిద్రలోనే ఉంది.
మాటలు ఒకదాని గూటిలో ఇంకొకటి దూరాయి.
పొద్దున్నే నావైపు చూసి "నిచ్చెన" అంటాడు.
గిన్నెలో టీ పోసి ఇస్తాను.
ఒక గుక్క తాగి
మొహం చిట్లించి
ఉప్పుడబ్బా వైపు చూస్తాడు.

డబ్బా నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.