జానెడు దూరం

క్లాక్స్‌విక్ పట్టణ సభామందిరంలో
పాత ఓడ చెక్కతో చేసిన బల్ల.
డ్రిల్ ఆనించబోతే కాపలా ముసలాయన హోగ్నీ
చెయ్యి అడ్డం పెట్టాడు:
"ముడి లేనిచోట తొలువు. ముడి దగ్గర పగులుతుంది."

పదకొండు కుర్చీలకి పదకొండు బెజ్జాలు.
ప్రతిదానికింద రబ్బరు చుట్ట వేశాను,
ఇక్కడ మాటకంటే ముందు పిడికిలి పడుతుందట.
మైకు నోటికి జానెడు.
దగ్గరైతే పకారాలు పేలతాయి,
దూరమైతే
పైకప్పు మీది వాన కూడా సభ్యత్వం పుచ్చుకుంటుంది.

గుండె ఆకారంలో వింటుంది ఇది,
ఎదుట ఉన్నవాళ్ళనే.
వెనక్కి చెవిటిది.
"మా అధ్యక్షుడి లాగే," అన్నాడు హోగ్నీ, నవ్వకుండా.

ఆ సాయంత్రమే విచారణ. రేవు అద్దె పెంపు.
పోడియం మైకు మెడని
నేను అధ్యక్షుడి ఎత్తుకి కొలిచి ఉంచాను.
ఎక్కింది సున్‌వా, పొట్టి మనిషి,
మణికట్టు మీద ఇంకా చేప పొలుసు.
ఎర్రదీపం వెలిగింది.
దాన్ని చూసింది. నన్ను చూసింది.
పారిపోయే బాతుని దొరకబుచ్చుకున్నట్టు
మెడ పట్టి కిందికి వంచింది.
స్పీకర్లన్నీ కిర్రుమన్నాయి.
నా పై ప్రాణం పైనే పోయింది.

"వినబడుతోందా?"
వినబడింది.
నాలుగు నిమిషాల లెక్కలు,
మధ్యలో ఆమె మింగిన గుటకతో సహా.

జవాబుకి అధ్యక్షుడు లేచాడు.
ఆరడుగుల పైమాటే.
మెడ సవరించడం చేతకాక
తనే వంగాడు.

బిల్లు వెనక రాసుకున్నాను:
పోడియంకి ఇంకో బెత్తెడు పొడుగుది కావాలి.

తర్వాత కొట్టేశాను.