రెండు ఓడల మధ్య

ఓడకీ ఓడకీ మధ్య ముప్పై అయిదు నిమిషాలు.
విర్త్సు రేవులో చివరి కారు కూడా ఎక్కేసి
గొలుసు పడ్డాక
టికెట్ల కిటికీ అద్దం దించుతాను.
కుర్చీ కింద టాఫీ డబ్బా.
గోటితో మూత లేపిన ఆ చిన్న చప్పుడికే
వేళ్ళు లేచి కూర్చుంటాయి
అన్నం గిన్నె మోగిన కుక్కల్లా.

బర్చ్ చెక్క సూదులు నాలుగు, రెండున్నర మిల్లీమీటర్లవి.
ఐదోది సైకిలు చువ్వ.
అసలు ఐదోదాని మీద మా మరిది హెయ్నో కూర్చున్నాడు.
ఇద్దరికీ నొప్పే, విరిగింది మాత్రం సూది.
చువ్వని గరుకు కాగితంతో మూడు రాత్రులు రుద్దాను.
ఇప్పుడు అన్నిటికన్నా అదే నునుపు.
జనవరిలో దాని వంతు వచ్చిన ప్రతిసారీ
వేలు జివ్వుమంటుంది,
చుట్టు పూర్తయిందని నాకు చలే చెబుతుంది.

వరసలు లెక్కపెట్టే డబ్బీ ఒకటుండేది,
తొంభై తొమ్మిది దాటితే సిగ్గులేకుండా సున్నాకి పోయేది.
ఇప్పుడు లెక్కంతా టికెట్ల వెనక పెన్సిలు గీతల్లో.
ఓసారి గీతలున్న టికెట్టే అమ్మేశాను.
ఎవరో నా ముప్పై ఏడో వరస జేబులో వేసుకుని
ముహు దీవికి వెళ్ళిపోయారు.
ఆ మేజోడు ఇవాళ్టికీ ఒక వరస పొట్టి.

ముహు గులాబీ రంగు మేజోడు అది,
కళ్ళు మూసుకున్నా కనబడే గులాబీ.
ఈ చలికాలమే హాప్సలు శాలువా కూడా ముగించాను.
ఉంగరంలోంచి దూరాలట, అప్పుడే శాలువా అట.
నాకు ఉంగరం లేదు.
ఇంజను గదిలోంచి ఒక వాషర్ తెచ్చాడు ఉర్మాస్.
శాలువా దూరింది.
గ్రీజు కూడా దూరింది.

నాకోసం మొదలెట్టిన స్వెట్టరు, నాలుగోసారి విప్పాను.
ఆవిరి పట్టినా ఊలు వంకర్లు వదల్లేదు,
మెడగా బతికిన రోజులు దానికింకా గుర్తే.

సూది కోసం సోదికి పోయినట్టే అయింది మొన్న.
సోఫా కింద చెయ్యి పెడితే
ఒంటి మేజోళ్ళు మూడు, సగం టోపీ,
చేతుల్లేని పసిపిల్ల చొక్కా.
ఆ పిల్ల ఇప్పుడు నావికుల బడిలో
రెండో ఏడు చదువుతోంది.

"ఎంతకిస్తావు?" అంటారు కారు కిటికీల్లోంచి.
టికెట్లు అమ్ముతాను, అంటాను.

ఉర్మాస్ సంగతి వేరు.
తాడు చుట్టే యంత్రం పదకొండేళ్ళ కిందట
అతని ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ
అడక్కుండా తీసుకుంది.
చలికి తొడుగు అల్లిస్తానన్నాను.
కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు,
దారంతో కొలిచాను,
మూడు వేళ్ళు చాలు కదా, మిగతావి అరచేతి దగ్గరే కట్టేస్తా.
"ఐదూ కావాలి," అన్నాడు
ఓడ వైపు చూస్తూ.

అన్నిటికన్నా కష్టం లేని వేలు అల్లడం.
ఎంత పొడుగని అడగను?
రాత్రి దీపం కింద
నా వేళ్ళే కొలుచుకుని
ఒక కన్ను ఎక్కువ వేశాను,
మగవాడి చెయ్యి కదా.

రెండు రోజులు ఆ రెండు వేళ్ళూ
గాలికి అటూ ఇటూ ఊగడం చూశాను, ఈ కిటికీలోంచే,
విప్పేద్దామా అని చెయ్యి డబ్బా మీదికి పోయింది.
మూడో రోజు నాకు దగ్గొస్తుంటే
చిటికెన వేలు తిరగేసి
పుదీనా బిళ్ళ ఒకటి తీసిచ్చాడు,
ఊలు నూగు అంటుకున్నది.
పక్క వేలు కూడా బరువుగానే వేలాడుతోంది.
అందులో ఏముందో చెప్పలేదు.

కుడిచేతి తొడుగుకి బొటనవేలు మిగిలింది.
చువ్వ చల్లగా తగిలింది, ఇంకో చుట్టు.
అదిగో హారన్.
పన్నెండు కన్నులు సూది మీదే వదిలేసి
అద్దం పైకెత్తాను.