లైన్‌మన్ లెక్క

ఊరు ఎలా ఎదిగిందో రాసుకోడానికి
పట్నం నుంచి ఎవరో వచ్చారండి.
సర్పంచిని అడిగారు, బ్యాంకు మేనేజర్ని అడిగారు.
నన్నడగలేదు.
ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కి దిగినవాణ్ణి,
నా లెక్క నాకుంది.

పదిహేనేళ్ళ కితం, చించినాడ ఇవతల,
వరిచేలు చెరువులవుతున్న కొత్తలో
ఇరవై అయిదు కేవీఏ ఒక్కటి.
దానిమీద ఓ పిచ్చిక గూడు.

ఆ శ్రావణంలో ఓ రాత్రి గాలీ వానా.
జంపరు తెగింది.
నేను లంకలో మరో స్తంభం మీదున్నాను.
ఏరేటర్లు ఆగిన సంగతి
బొక్కా సత్తెయ్యగారికి తెల్లారి తెలిసింది,
రొయ్యంతా గట్టువారకి చేరి గుటకలేసి పోయాక.
రెండున్నర టన్నులు.
నన్ను తిట్టలేదాయన.
తూము దగ్గర కూర్చుని చెప్పులు కడుక్కున్నాడు,
మళ్ళీ కడుక్కున్నాడు.

మోటార్లు చుట్టే మెండెం ఏసుపాదం
పాత సెల్‌ఫోను విప్పి స్టార్టరుకి కట్టి
కరెంటు పోతే మోగేలా చేశాడు.
దాన్ని సబ్బుపెట్టెలో పెట్టాడు, గులాబీరంగు సబ్బుపెట్టె.
అదండీ మొదలు.
ఏ శిలాఫలకం మీదా లేదు.

పెట్టెలు పదయ్యాయి, నలభై అయ్యాయి,
చేతులు చాల్లేదు.
లేసు అల్లే చేతులు అప్పటికి ఖాళీగా ఉన్నాయి,
నరసాపురం షావుకారు డజనుకి రెండ్రూపాయలు కోసిన ఏడాది అది.
కుడుపూడి మంగాయమ్మ క్రోషా సూది పక్కనబెట్టి
సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంది.
"ఇదీ ముడే కదా," అంది,
"దారం కాస్త వేడి."
ఆవిడ దగ్గర నేర్చినవాళ్ళు పదకొండుమంది.
నలుగురు వేరుకుంపటి పెట్టారు, వీధికి అవతలే.
పొద్దున్న పోటీ,
మధ్యాన్నం సీసం అయిపోతే చేబదులు.

అరవై మూడు కేవీఏ.

తర్వాత నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే కడ్డీ.
బయటిదేశం కడ్డీ మా ఉప్పుకి నెల్లాళ్ళు ఆగేది కాదు.
కుర్రాళ్ళు చెరువు పక్కనే మంచాలేసుకుని
ఏడాదిపాటు పాడుచేసి, పాడుచేసి
పాడవనిది చేశారు.
పాడయ్యే చోట ఉండడమే వాళ్ళ చదువు.
ఆనక పిల్లరొయ్యకి జబ్బు చూసే ల్యాబు,
డబ్బాలకి అచ్చులు పోసేవాడు,
రాత్రి రెండింటికి టీ కాచే కాసులమ్మ.
ఎవరూ ఎవర్నీ పిలవలేదు,
కాలవలో గుర్రపుడెక్కలా అల్లుకున్నారు.

నూట అరవై.
పిచ్చిక గూడు నేనే తీశాను.
ఖాళీదే.

దాచనండి, మా బోరునీళ్ళతో వండితే
కూర ఉప్పడగదు.
బిందె ఇరవై పెట్టి కొనుక్కుని తాగుతూ
నీటి నాణ్యత చెప్పే యంత్రం ఊరూరికీ అమ్ముతున్నాం.
దీనికి మోగే పెట్టె ఇంకా ఎవడూ చెయ్యలేదు.

మొన్న ఎవరో పెద్దమనుషులు బోర్డు పాతారు, క్లస్టరట.
గొయ్యి ఎక్కడ తవ్వాలో నన్నే అడిగారు,
కింద కేబులు ఎటు పోయిందో
కాగితాల్లో లేదు కాబట్టి.

రిటైరయ్యాను.
అయినా గాలి లేస్తే నిద్రపట్టదు.
నిన్న రెండున్నరకి కరెంటు పోయింది.
ఆ చెరువూ ఈ చెరువూ
మూడొందల పెట్టెలు ఒక్కసారి గోలపెట్టాయి.
ఎవరో గట్టుమీద పరిగెడుతున్నారు,
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది,
చీకట్లో నేను
చొక్కా వెతుక్కుంటున్నాను.